దుకాణం మెయిలును నలుగురూ చూసుకొనే ఏర్పాటు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

దుకాణానికి వచ్చే మెయిళ్లను మీ నలుగురూ కలిసి చూసుకోవాలంటే ఏం చేయాలని అడిగావు. గల్లాపెట్టె పక్కన గోడకు పాస్‌వర్డు అంటించి ఉందన్నావు కదా, ముందు ఆ కాగితం తీసివేయించు. పాస్‌వర్డు అందరి చేతిలోనూ ఉంటే ఏ జవాబు ఎవరు రాశారో తేలదు. పని మానివెళ్లిన కుర్రవాడి ఫోనులో ఖాతా ఇంకా తెరిచే ఉండవచ్చు. పాస్‌వర్డుతో పాటు ఓటీపీ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెడితే ఆ ఓటీపీ నీ ఫోనుకే వస్తుంది కాబట్టి, నీవు భువనేశ్వర్ వెళ్లిన రోజున కొత్త కంప్యూటరులో ఖాతా తెరవవలసివస్తే అందరూ నీ ఫోను కోసం ఎదురుచూడాలి.

పాస్‌వర్డు చెప్పకుండానే ఇతరులకు ప్రవేశం ఇచ్చే సౌకర్యం ఉచిత జీమెయిల్‌లో కూడా ఉంది. కంప్యూటరులో సెట్టింగులు తెరిచి, అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్ అనే విభాగంలో ‘గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్’ అన్నచోట వారివారి సొంత జీమెయిల్ చిరునామాలు చేర్చాలి. పదిమంది వరకు చేర్చవచ్చు. వారికి వెళ్లే ఆహ్వానం వారం దాటితే చెల్లదు కనుక అదే రోజున ఒప్పుకోమని చెప్పు. వారు మెయిళ్లు చదవగలరు, జవాబులు పంపగలరు, చెరిపివేయగలరు కూడా, కానీ పాస్‌వర్డును మార్చలేరు. జవాబులో దుకాణం చిరునామాతో పాటు పంపినవారి వివరం కూడా కనబడేలా పెట్టు. తరువాత ఎవరు ఏమన్నారన్న వాదనకు తావుండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అలా ప్రవేశం పొందినవారికి ఆ ఖాతాలోని ప్రతి మెయిలూ కనబడుతుంది. కాబట్టి బ్యాంకు, జీఎస్టీ, మీ ఇంటి వ్యవహారాలకు సంబంధించినవి, ముఖ్యంగా మరో ఖాతా పాస్‌వర్డు మార్చుకొమ్మని లింకు పంపేవి, నీ సొంత చిరునామాకు మళ్లించుకో.

ఇంతవరకు గంట పని. అసలు చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. విశాఖ వ్యాపారి ఒకరు, తాను చెప్పిన పట్టుచీరలకు కుంభం అంచు ఎరుపు బదులు పసుపు కావాలని మెయిలు పెట్టాడనుకో. పొద్దున్నే ఒకరు దానిని తెరిచి, నేతగాడిని అడిగి రాద్దామని వదిలేస్తారు. తెరిచిన మెయిలు అందరికీ చదివినట్టే కనబడుతుంది కాబట్టి మిగిలిన ముగ్గురూ పని అయిపోయిందనుకుంటారు. మగ్గం మీద ఎరుపు అంచు నేత సాగిపోతూనే ఉంటుంది. మీ దుకాణంలో జవాబులు ఆలస్యమవుతున్నాయంటే కారణం బద్ధకం కాదు, ఇదే.

దీనికి మందు, ప్రతి మెయిలుకూ ఒక మనిషి పేరు ఉండడం. నలుగురి పేర్లతో నాలుగు లేబుళ్లు, అంటే మెయిలుకు తగిలించే పేరు చీటీలు, జీమెయిల్‌లో చేయించు. రోజూ దుకాణం తెరవగానే ఒక్కరు, ప్రతిరోజూ అదే మనిషి, కొత్త మెయిళ్లన్నిటికీ లేబుళ్లు పెట్టాలి. జవాబు రాయడం ఆ తరువాతి మాట. పని పూర్తయినదానిని ఆర్కైవ్ చేయాలి, అంటే చెరపకుండా ఇన్‌బాక్సు నుంచి తప్పించాలి. అప్పుడు ఇన్‌బాక్సులో కనబడేదంతా ఇంకా బాకీ ఉన్న పనే అవుతుంది, చదివారా లేదా అన్న ప్రశ్నే ఉండదు. సెలవు పెట్టేవారు తమ లేబుల్‌లో మిగిలినవాటిని మరొకరి పేరుకు మార్చి వెళ్లాలి.

ఒడియా ఉత్తరాలు ఒకరికి, తెలుగువి ఒకరికి, హిందీవి మరొకరికి పంచుదామన్నది మన ఊళ్లో ఎవరికైనా మొదట తోచే ఆలోచన. నేను దానికి ఒప్పుకోను. ధర విషయంలో ఇద్దరు రెండు భాషల్లో రెండు మాటలు చెబితే, ఛత్రపురం కొట్టువాడూ ఇచ్ఛాపురం కొట్టువాడూ ఒకే రైలులో కలిసి బిల్లులు పోల్చుకుంటారు. పనిని బట్టి పంచు: ధరలు ఒకరు, నేత, రంగులు ఒకరు, పార్సిళ్లు ఒకరు, ఫిర్యాదులు నీవు. భాష రానివారు వచ్చినవారి చేత రాయించుకోవచ్చు గానీ, మాట మాత్రం ఆ పని ఎవరిదో వారిదే కావాలి. తరచుగా పంపే జవాబులను టెంప్లేట్లుగా, అంటే మళ్లీ మళ్లీ వాడుకొనే నమూనాలుగా, దాచుకోండి. బ్యాంకు ఖాతా నంబరును మాత్రం ఎవరూ చేత్తో టైపు చేయకూడదు, టెంప్లేటులో ఉన్నదే వాడాలి.

మనుషులు పెరిగాక సొంత డొమైన్, అంటే దుకాణం పేరుతో ఇంటర్నెట్ చిరునామా, కొనుక్కో, దానిని వెబ్‌సైటు చేసేవాడి పేరున కాకుండా నీ పేరుననే నమోదు చేయించు. అప్పుడు గూగుల్ వారి డబ్బు కట్టే వ్యాపార సేవ అయిన వర్క్‌స్పేస్‌లో గ్రూపును ఉమ్మడి ఇన్‌బాక్సుగా పెడితే, మెయిలును ఒకరికి అప్పగించడం, పూర్తయిందని గుర్తుపెట్టడం అందులోనే ఉంటాయి. అలాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ 365లో ఉమ్మడి మెయిలు పెట్టెకు 50 జీబీ వరకు వేరే లైసెన్సు అక్కరలేదు, వాడే మనుషులకు మాత్రం ఉండాలి. నలుగురికి ఇప్పుడే ఈ ఖర్చు దండగ.

పెళ్లి ముహూర్తాల రద్దీలో ఈ మార్పు తలపెట్టకు. పాత మెయిళ్లను సర్దుతూ కూర్చోవద్దు. జవాబు బాకీ ఉన్నవాటిని మాత్రం ఇన్‌బాక్సులో ఉంచి, మిగిలినవన్నీ ఒకేసారి ఆర్కైవ్ చేయించి, సోమవారం పొద్దుట నుంచి లేబుళ్లు పెట్టడం మొదలుపెట్టించు.

ఆశీస్సులతో,
మీ మావయ్య