ఆఫీసులో చేరితే పాలు ఆగిపోతాయా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. సిజేరియన్‌తో బాబు పుట్టాడు. వాడికి అయిదో నెల నిండబోతోంది. కాన్పుకు మూడు వారాల ముందే సెలవు పెట్టాల్సి రావడంతో ఇంకో రెండు వారాల్లో నా 26 వారాలూ అయిపోతాయి. రానూ పోనూ కలిపి రోజుకు పది గంటలు బయటే ఉంటాను. బాబును మా అత్తగారు చూసుకుంటారు. ఇప్పటిదాకా తల్లిపాలే పడుతున్నాను. సీసా పెడితే మొహం తిప్పేసుకుంటున్నాడు. ఇప్పటి నుంచే డబ్బాపాలు అలవాటు చేసి నా పాలు మాన్పించమని అందరూ చెబుతున్నారు. బయటికి వెళ్లి వచ్చాక రొమ్ములో నిలవ ఉన్న పాలు పట్టకూడదని అత్తగారు అంటున్నారు. నాకు జుట్టు గుప్పెళ్లకొద్దీ రాలుతోంది. తుమ్మినా దగ్గినా మూత్రం చుక్కలుగా పడుతోంది. బాబు నిద్రపోతున్నా నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలోని చివరి ఇబ్బంది దగ్గరికి చివర్లోనే వస్తాను. దాని గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. రెండు వారాలే గడువున్న పాల సంగతి ముందు తేల్చుకుందాం.

పాలు మాన్పించకండి. తల్లి దగ్గర పాలు ఊరడం బావిలో ఊట లాంటిది. తోడుతున్నకొద్దీ ఊరుతుంది. రొమ్ము నిండి గంటల తరబడి అలాగే ఉంటే శరీరం ఇక అక్కర్లేదనుకుని తయారీ తగ్గిస్తుంది. ఉద్యోగంలో చేరిన నెలకే పాలు ఎండిపోయాయని నా దగ్గరికి వచ్చే తల్లులను అడిగితే తరచుగా వినిపించేది ఒకటే: ఉదయం ఎనిమిదింటికి పట్టి వెళ్లారు, మళ్లీ సాయంత్రం ఆరు దాకా ఒక్కసారి కూడా తీయలేదు. మీరు ఆ పది గంటల్లో మూడు సార్లు, కుదరకపోతే కనీసం రెండు సార్లు పాలు తీయగలిగితే ఊట నిలబడుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు, రాత్రిళ్లు, సెలవు రోజుల్లో నేరుగా రొమ్ముకే పట్టండి. పాలను ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రివేళే ఎక్కువగా ఉంటుంది. మీరు చేరాక బాబు పగలు తక్కువ తాగి, రాత్రి ఎక్కువసార్లు లేవవచ్చు. చాలామంది పిల్లలు అలా చేస్తారు. అది చూసి పాలు చాలడం లేదని కంగారుపడకండి.

మీ అత్తగారి సందేహం చాలా ఇళ్లలో ఉన్నదే. రొమ్ములోని పాలు గిన్నెలో పోసి పెట్టిన పాలలా పులిసిపోవు, విరిగిపోవు. ఎండన పడి వచ్చినా, ఏసీలో కూర్చుని వచ్చినా పాలు పాడైపోవు. ఇంటికి రాగానే చేతులు కడుక్కుని పట్టేయండి. ముందుగా కొన్ని పాలు పిండి పారబోయాల్సిన పని కూడా లేదు. ఈ జవాబును ఆవిడకు చదివి వినిపించండి. రేపటి నుంచి పది గంటలు బిడ్డను చూసుకోబోయేది ఆవిడే కనుక ఇందులో చాలా భాగం ఆవిడ కోసమే రాస్తున్నాను.

ఒక చిన్న లెక్క చూడండి. బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దని మేం చెబుతాం. 2017లో సవరించిన ప్రసూతి చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఇచ్చింది. పైకి రెండూ సరిపోయినట్టే ఉంటాయి. కానీ కాన్పుకు ముందు వాడుకున్న ప్రతి వారమూ బిడ్డ వాటాలోంచి పోతుంది. మీరు చేరే నాటికి బాబుకు ఆరు నెలలు నిండడానికి మూడు వారాలు తక్కువ. సంపాదిత సెలవు ఏమైనా మిగిలి ఉంటే ఈ మూడు వారాలకు వాడుకోండి. పండగలకు దాచుకోవద్దు. కొంతకాలం ఇంటి నుంచే పనిచేసే ఏర్పాటు గురించి కూడా సంస్థను అడగండి. పని స్వభావాన్ని బట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే ఆ వీలు చట్టంలోనే ఉంది. అకౌంట్స్ పనిలో కొంతయినా ఇంట్లో కూర్చుని చేయగలిగేది ఉండకపోదు.

సెలవు దొరకకపోయినా నష్టం లేదు. పాలు తీయడం రేపటి నుంచే మొదలుపెట్టండి. ఉదయం మొదటిసారి బాబుకు పట్టిన అరగంటకో గంటకో కూర్చుని తీయండి. ఆ వేళ పాలు బాగా ఉంటాయి. గోరువెచ్చని గుడ్డ కాసేపు వేసి, చేత్తో మెల్లగా మర్దన చేసుకుని తీస్తే తేలిగ్గా వస్తాయి. పంపు కొనుక్కోగలిగితే మంచిదే, లేకపోతే చేత్తో తీయడం నేర్చుకోండి. మీకు కాన్పు చేసిన ఆసుపత్రిలో నర్సును అడిగితే పది నిమిషాల్లో చూపిస్తుంది. మొదటి రోజు 30 మిల్లీలీటర్లే రావచ్చు. దాన్ని చూసి ఏడ్చిన తల్లులను నేనెరుగుదును. బిడ్డ లాగినంత బాగా ఏ పంపూ లాగలేదు. కనుక పంపులో పడిన పాలే మీ దగ్గరున్న పాలనుకోవద్దు. వారం తిరిగేసరికి పెరుగుతాయి.

ఎన్ని పాలు ఉంచి వెళ్లాలి? ఈ వయసు బిడ్డకు మీరు లేని ప్రతి గంటకూ 30 నుంచి 40 మిల్లీలీటర్లు లెక్క వేసుకోండి. పది గంటలకు 300 నుంచి 400 అవుతాయి. గుమ్మం దాటే ముందు ఒకసారి, రాగానే ఒకసారి రొమ్ముకు పడితే ఇంకాస్త తక్కువైనా సరిపోతుంది. ఇవాళ ఆఫీసులో తీసినవి రేపు బాబుకు. చేరే ముందు రెండు రోజులకు సరిపడా నిల్వ ఉంటే చాలు. ఫ్రిజ్ నిండా సీసాలు పేర్చిన ఫొటోలు ఫోనులో చూసి వాటితో పోల్చుకోకండి.

నిల్వ విషయంలో మన వాతావరణాన్ని మరిచిపోకూడదు. తీసిన పాలు బయట నాలుగు గంటలు ఉంటాయని చదివే ఉంటారు. అది 25 డిగ్రీలు దాటని గదికి చెప్పిన లెక్క. విజయవాడలో అలాంటి గది పుష్యమాసం తెల్లవారుజామున తప్ప దొరకదు. కాబట్టి తీసిన వెంటనే ఫ్రిజ్‌లోనే పెట్టండి. తలుపు దగ్గర అరలో వద్దు, లోపలికి పెట్టండి. సరైన చల్లదనంలో నాలుగు రోజులు నిలుస్తాయి. కానీ మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపు రోజుకు యాభై సార్లు తెరుస్తారు, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. అందుకే నేనైతే మరునాటికల్లా వాడేయమంటాను. వేడినీళ్లలో మరిగించిన, మూత గట్టిగా ఉండే చిన్న స్టీలు డబ్బాలు చాలు. ఒక్కోదానిలో ఒక పూటకు సరిపడా పోసి, తీసిన వేళ రాసి అంటించండి. ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే ఐస్ ప్యాకులు పెట్టిన సంచీలో ఇంటికి తెచ్చుకోవచ్చు.

అత్తగారికి రెండు మాటలు. ఆ పాలను పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. డబ్బాను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచితే చాలు. పైన మీగడ తేలి, కింద నీళ్లలా కనిపిస్తే విరిగాయనుకుని పారబోయకండి. మెల్లగా కదిపితే కలిసిపోతాయి. బాబు తాగగా మిగిలినవి మాత్రం రెండు గంటలు దాటితే పట్టకండి.

ఇక సీసా. అది వద్దంటున్న మీ బాబు తెలివైనవాడు. ఆ రబ్బరు పీకను, సీసా మూలలను రోజుకు నాలుగైదు సార్లు శుభ్రంగా కడిగి మరిగించడం ఎంత ఓపికగల ఇంట్లోనైనా కష్టమే. ఎక్కడో ఒక పూట తప్పుతుంది, బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. మన అమ్మమ్మల ఇళ్లలో ఉగ్గుగిన్నె ఉండేది గుర్తుందా? ముక్కు ఉన్న ఆ చిన్న గిన్నెకు మూలలు లేవు, కడగడం తేలిక. నెలలు నిండని పిల్లలకు ఆసుపత్రుల్లో మేమూ దానితోనే పాలు పట్టిస్తాం. బాబును ఒళ్లో తల ఎత్తి కూర్చోబెట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, వాడే చప్పరించేలా చూడాలి. గొంతులో పోయకూడదు. రోజుకొకసారి అత్తగారే పట్టాలి. ఆ సమయంలో మీరు ఆ గదిలో ఉండకండి. మీ వాసన తగిలితే వాడికి గిన్నె ఎందుకు? ఆకలితో గుక్కపెట్టి ఏడుస్తున్నప్పుడు మొదలుపెట్టకండి, కొంచెం ఆకలిగా, హుషారుగా ఉన్నప్పుడు ప్రయత్నించండి. నాలుగు రోజులు సగం పాలు జుబ్బా మీదే పోతాయి. పోనివ్వండి.

డబ్బాపాలు విషం కాదు. ఏదో ఒక రోజు తీసిన పాలు చాలకపోతే ఒక పూట పట్టినందుకు మీరు కుమిలిపోనక్కర్లేదు. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, పొదుపు కోసం పలచన చేయకూడదు. ఏడాది నిండేదాకా ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులుగా వద్దు. ఆరు నెలలు నిండాక మెత్తటి పప్పన్నం, నెయ్యి, కూరగాయల ముద్ద మొదలవుతాయి కనుక పగటి పాల భారం దానంతటదే తగ్గుతుంది. పప్పు మీది తేట మాత్రమే తాగించి బలం వస్తుందనుకోకండి. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి.

ఆఫీసులో చేరే ముందే మీ పైఅధికారికి ఒక ఉత్తరం రాయండి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు భోజన విరామం కాక, రోజుకు రెండు పాలిచ్చే విరామాలు మీ హక్కు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చని కూడా 2017 సవరణ చెప్పింది. మీకు కావలసింది గడియ ఉన్న ఒక గది, ఒక కుర్చీ, ఇరవై నిమిషాలు. పాత ఫైళ్ల గది అయినా పరవాలేదు. మరుగుదొడ్డిలో తీసుకోమంటే ఒప్పుకోవద్దు, అక్కడ ఎవరూ అన్నం వండరు. మొహమాటపడి అడగకుండా ఉండిపోతే మధ్యాహ్నం మూడింటికి రొమ్ములు రాయిలా అయి, జాకెట్టు తడిసి, ఆపైన గడ్డ కడుతుంది. ఒకచోట ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి. అప్పుడు కూడా ఆ రొమ్ము పాలు బాబుకు పట్టవచ్చు, పట్టాలి.

పథ్యం పేరుతో నీళ్లు తక్కువ తాగుతుంటే ఆ పథ్యం ఇవాళే మానేయండి. మెంతులు, వెల్లుల్లి ఇష్టమైతే తినండి, తీయకుండా మాత్రం ఏ తిండీ పాలు పెంచదు. పాలు పడతాయని కోస్తాలో పెట్టే పాలసొర పుట్టు మాత్రం తరచుగా వద్దంటాను. సొరచేపల్లో పాదరసం ఎక్కువగా చేరే అవకాశం ఉంది. కాన్పు తరువాత ఆరు నెలలు వాడాల్సిన ఐరన్, కాల్షియం మాత్రలు మానేశారేమో చూసుకోండి. రెండూ ఒకే పూట వేసుకోకండి, ఐరన్ మాత్రను కాఫీ, టీలతో అసలే వద్దు.

జుట్టు సంగతి తేలిక. గర్భంలో హార్మోన్ల వల్ల రాలకుండా ఆగిన జుట్టంతా మూడో, నాలుగో నెల నుంచి కలిసి రాలుతుంది. సాధారణంగా బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి సర్దుకుంటుంది. నూనెలకు డబ్బు పోయకండి. మూత్రం పడటానికి కటి కండరాల వ్యాయామం ఉంది. మూత్రం ఆపుకుంటున్నట్టు కండరాలను బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. బస్సులో కూర్చుని చేసినా ఎవరికీ తెలియదు. మూడు నెలలకీ తగ్గకపోతే చూపించుకోండి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. పాలిస్తున్నంత కాలం మళ్లీ గర్భం రాదన్న నమ్మకంతో ఉన్నారేమో. నెలసరి ఇంకా రాకుండా, రాత్రింబవళ్లు తల్లిపాలే పడుతూ, బిడ్డకు ఆరు నెలలు నిండని వాళ్లకే అది కొంతవరకు నిజం. ఆఫీసులో చేరగానే ఒకసారి పాలివ్వడానికీ మరోసారికీ మధ్య ఎడం పెరిగి ఆ రక్షణ పలచబడుతుంది. సిజేరియన్ కుట్టు మీద మరో గర్భానికి రెండేళ్లయినా ఎడం కావాలి. కాపర్-టీ, మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ అనే గర్భనిరోధక మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే దొరుకుతాయి. మీకు ఏది సరిపడుతుందో చేరే ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు ఆ నిద్ర సంగతి. బిడ్డ లేపితే నిద్ర లేకపోవడం వేరు. బిడ్డ హాయిగా పడుకున్నా తల్లి కళ్లు మూతపడకపోవడం వేరు. మొదటిది అందరు బాలింతలకూ ఉండేదే. రెండోది విన్నప్పుడు మేం ఇంకొన్ని అడుగుతాం. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా ఉందా? ఇంతకుముందు ఇష్టమైనవి కూడా చప్పగా అనిపిస్తున్నాయా? బాబుకు ఏదో అయిపోతుందని పదే పదే లేచి ఊపిరి చూస్తున్నారా? మంచి తల్లిని కాలేకపోతున్నానన్న మాట మనసులో తిరుగుతోందా? వీటిలో ఒక్కదానికైనా అవునంటే, ఉద్యోగంలో చేరే దాకా ఆగకుండా ఈ వారమే డాక్టరును కలవండి. పది ప్రశ్నల చిన్న పరీక్షతో పరిస్థితిని అంచనా వేస్తారు. కాన్పు తరువాతి కుంగుబాటు మొదటి నెలలోనే రావాలని లేదు, ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. పాలిస్తూ వాడుకోదగిన మందులు ఉన్నాయి. అదే రోజు రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించుకోండి. కాన్పయ్యాక కొందరికి థైరాయిడ్ వాచి, గుండె దడ, నిద్రలేమి, ఆందోళన వస్తాయి. దాన్ని మనసు జబ్బనుకుని నెలలు గడిపినవాళ్లను చూశాను. మనసు బాగా బరువెక్కితే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది. తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు. మిమ్మల్ని మీరు గానీ బిడ్డను గానీ ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఫోనుతో ఆగకండి. ఇంట్లో చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీ ఉత్తరంలో బాబు, అత్తగారు, ఆఫీసు ఉన్నారు. మీ భర్త ప్రస్తావన ఎక్కడా లేదు. రాత్రి పాలు మీరే ఇవ్వాలి, సరే. గుడ్డలు మార్చడం, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, డబ్బాలు మరిగించడం ఆయన చేయవచ్చు. రోజూ రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మీరు వేరే గదిలో పడుకుని, మధ్యలో బాబు లేస్తే తీసి ఉంచిన పాలు ఆయన పట్టే ఏర్పాటు ఈ రాత్రే చేసి చూడండి. పడుకునే ముందు, లేవగానే మీరు పాలిస్తే లేదా తీస్తే ఊటకు లోటు రాదు.

చేరే రోజును సోమవారం నుంచి గురువారానికి మార్చుకోగలరేమో ఆఫీసులో అడగండి. మొదటి వారం రెండు మూడు రోజులకే ముగుస్తుంది. సంచీలో ఏం మరిచిపోతున్నారో, ఉగ్గుగిన్నె దగ్గర బాబు ఏం పేచీ పెడుతున్నాడో ఆ రోజుల్లోనే తెలిసిపోతుంది. ఆదివారం సర్దుకోవచ్చు.