రాత్రి రెండింటికి వచ్చే భయం గురించి

చిరంజీవి అబ్బాయికి మామయ్య ఆశీస్సులు.

నిద్రలో ఉలిక్కిపడి లేచి, పోతానేమోనని తెల్లవార్లూ కూర్చుంటున్నానని రాశావు. అందుకు సిగ్గుపడకు. పతంజలి దీనికి అభినివేశమని పేరు పెట్టి, మనసును బాధపెట్టే ఐదు క్లేశాల్లో చివరిదిగా చెప్పాడు. చదువుకున్నవాడిలోనూ అది పాతుకునే ఉంటుందని యోగసూత్రాల రెండో పాదం 9వ సూత్రంలో ఒప్పుకున్నాడు.

అర్ధరాత్రి మాత్రం వేదాంతం మొదలుపెట్టకు. ఆ వేళ బుద్ధి మాట వినదు, ఒంటిని చూసుకోవాలి. కంగారులో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అదే చావనుకుని ఇంకా గబగబా పీలుస్తాం. లేచి కూర్చుని, నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదులు. ఐదు నిమిషాలు అలా చెయ్యి. ఛాతీలో నొప్పి ఉంటే లెక్కలు పెడుతూ కూర్చోక, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు.

పగలు తీరిగ్గా ఓ కాగితం తీసుకో. నీ భయం నొప్పి గురించా? వెనక ఉండేవాళ్ల గతేమిటనా? పనులు మిగిలిపోతాయనా? లేక ‘నేనే లేకుండా పోతాను’ అనా? నొప్పి సంగతి వైద్యుడితో మాట్లాడు. వెనకవాళ్ల కోసం వీలునామా, బాకీల లెక్కా రాసిపెట్టు. మిగిలిన పనికి తేదీ వేసుకో. చాలామంది వీటిని కూడా ధ్యానంతో పోగొట్టాలని చూస్తారు. అవి పోవు. చివరికి ధ్యానం మీద నమ్మకం పోతుంది.

‘నేనెవరు’ అని లోపల చూసుకునే విచారణ పనికొచ్చేది నాలుగోదానికే. ఉదయం ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చో. చెయ్యి బరువు తెలుస్తోంది కదా, తెలిసే చెయ్యి వేరు, తెలుసుకునేవాడు వేరు. ఊపిరినీ, ఆలోచననూ అలాగే చూసి, చివరికి భయం దగ్గరికి రా. అక్కడే ఎక్కువసేపు ఆగు. గొంతులో ముడిలా ఉందా, కడుపులో ఖాళీలా ఉందా? అది పెరగడం, తగ్గడం ఎవరికి తెలుస్తున్నాయి? దీనికి మాటల్లో జవాబు చెప్పకు. ‘నేను ఆత్మను’ అనేసుకుంటే అది మరో ఆలోచనై కూర్చుంటుంది, చూడటం ఆగిపోతుంది. కొన్ని వారాలు ఏ మార్పూ కనపడకపోవచ్చు. తర్వాత కూడా భయం వస్తుంది, కానీ నువ్వు దానికి కాస్త ఎడంగా ఉంటావు. మొదట దక్కేది అంతే, అది తక్కువేం కాదు.

రమణ మహర్షి 1896లో మదురైలో, పదహారేళ్ల వయసులో, మరణభయం ముంచుకొస్తే పడుకుని, ఒళ్లు కొయ్యలా బిగించి, ఊపిరి ఆపి, చచ్చేది ఎవరని చూశారు. అది చదివి ఊపిరి బిగబట్టేవాళ్లున్నారు. గుండె దడ పెరిగి, ఉన్న కంగారు రెట్టింపవుతుంది. ఆయన అడిగిన ప్రశ్న తీసుకో, చాలు.

రోజూ గాఢనిద్రలో పేరు, ఒళ్లు, అప్పులు అన్నీ వదిలేస్తున్నావు. దానికి భయపడకపోగా కోరి వెళ్తున్నావు. చావు తర్వాత ఏముందో దీనివల్ల రుజువు కాదు. ఈ ‘నేను’ అనే మూట దించితే భరించలేనన్న మాట మాత్రం నిలబడదు. అందుకే పడుకునే ముందు పది నిమిషాలు, ఆ రోజు పనినీ, మనుషుల్నీ, చివరికి ఒంటినీ ఒక్కొక్కటిగా దించుతూ నీకు నమ్మకమున్న నామం మీద మనసు ఉంచు. ఎప్పుడూ దేన్ని తలుస్తామో చివర్లో అదే తలపుకొస్తుందని గీత ఎనిమిదో అధ్యాయం సారం. ఆఖరి నిమిషంలో కొత్తగా నేర్చుకోవడం కుదరదు మరి!

ఒక్క జాగ్రత్త. ‘ఎలాగూ పోయేదేగా’ అని ఉద్యోగం, ఇల్లు వదిలేయాలనిపిస్తే దాన్ని వైరాగ్యమనుకోకు, భయం వేషం మార్చిందంతే. చచ్చిపోతే బాగుండనిపిస్తే మాత్రం ఆ రోజే ఇంట్లోవాళ్లకీ, డాక్టరుకీ చెప్పు. సాధన తర్వాత చూసుకోవచ్చు.

కాగితం రాశాక నీది ఆ నాలుగింటిలో ఏదో తెలియజెయ్యి. రెండోదైతే ముందు వీలునామా పని చూద్దాం.

ఇట్లు,
మామయ్య