మేడ మీద వేసిన బీన్స్ అన్నీ ఒక్కసారే కాపుకొస్తే ఏం చేయాలి?

మీ మేడ మీద గ్రో బ్యాగుల్లోని బీన్స్ అన్నీ ఒకేసారి కాశాయి, ఉప్పునీళ్ళు పోసి సీసాల్లో పెట్టి మరిగిస్తే ఏడాది ఉంటాయా అని అడిగారు. సీసాల సంగతి ముందు చెప్పేస్తాను. వద్దండీ. మామిడికాయకున్న పులుపు బీన్స్‌కి లేదు. పులుపు లేని చోట, గాలి ఆడని సీసాలో బొట్యులినం అనే సూక్ష్మజీవి విషం పుట్టిస్తుంది. వాసన, రంగు మారకపోయినా ప్రమాదమే. దాని బీజాలు మరిగే నీళ్ళకి చావవు, 116 డిగ్రీల దాకా వేడి కావాలి. పైగా బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మన దగ్గర నీళ్ళు 97 దగ్గరే మరిగిపోతాయి. వీడియోల్లో విదేశాల వాళ్ళు వాడేది ప్రెషర్ క్యానర్, అంటే ఆవిరి ఒత్తిడితో సీసాలకి అంత వేడి అందించే ప్రత్యేకమైన పాత్ర. మన కుక్కర్ ఆ పనికి రాదు.

ఇక అన్నీ ఒకేసారి కాయడమంటారా, హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్ఆర్) వాళ్ళ అర్క కోమల్ లాంటి పొద రకాల తీరే అంత. ఈసారి పదిహేను రోజుల ఎడంతో కొన్ని కొన్ని సంచుల్లో విత్తండి. ఇప్పుడున్న మొక్కలకి గింజ ఉబ్బకముందే, రోజు విడిచి రోజు కోస్తూ ఉంటే ఇంకాస్త పూత వేస్తాయి.

లేతవి దాచకండి, తినేయండి. మా ఇంట్లో అయితే పాటోళీ. శనగపప్పు రెండు గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వార్చి, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి బరకగా రుబ్బాలి. రుబ్బేటప్పుడు చుక్క నీళ్ళు పోయకూడదు. ఇడ్లీ రేకుల్లో ఆవిరి మీద ఉడికించి, చల్లారాక చేత్తో చిదిమి, ఇంగువ పోపులో ఉడికిన బీన్స్‌తో కలిపి పొడిపొడిగా వేయించాలి. అరకిలో కాయలు ఒక్క పూటకే చెల్లిపోతాయి. ఇరుగుపొరుగుకి పంచుదామంటారా, డిసెంబరు, జనవరిల్లో ఆ ఆశ పెట్టుకోవద్దు. ఊరంతా అవరెకాయల (మన అనపకాయల) మీద ఉంటుంది, బీన్స్ వంక చూసేవాళ్ళుండరు.

వారంలో వాడేవైతే కడగకుండా, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కూరల అరలో పెట్టండి. తడి ఉంటే జిగురొస్తుంది.

మిగతావి ఫ్రీజర్‌కి. పీచు తీసి, అంగుళం ముక్కలు కోసి, పెద్ద గిన్నెలో తెర్లుతున్న నీళ్ళలో కొద్దికొద్దిగా వేయండి. ఎక్కువ వేస్తే నీళ్ళు చల్లబడి ముక్క మెత్తబడుతుంది. నీళ్ళు మళ్ళీ తెర్లాక మూడు నిమిషాలు, వెంటనే ఐసు నీళ్ళలో మరో మూడు నిమిషాలు. పచ్చిగా పెడితే లోపలి ఎంజైములు ఫ్రీజర్‌లోనూ పనిచేస్తూ రంగు, రుచి పోగొడతాయి, అందుకే ఈ ఉడుకు. తర్వాత గుడ్డ మీద ఆరబెట్టి, పళ్ళెంలో పరిచి గడ్డకట్టించి, అప్పుడు కవర్లలో నింపితే ముక్కలు అంటుకోవు. ఎనిమిది నెలలు ఢోకా లేదు. కరగనివ్వకుండా నేరుగా పులావులోకో సాంబారులోకో వేసుకోండి. వేపుడుకి మాత్రం బాగుండవు, నీరొదిలి చప్పబడతాయి. మీ వీధిలో కరెంటు గంటల తరబడి పోతుందంటే మాత్రం ఫ్రీజర్‌ని నమ్ముకుని అంతా అందులో పెట్టకండి.

ఎండలుంటే వరుగులు చేసుకోవచ్చు. గోరుచిక్కుడుకి చేసినట్టే ఉప్పేసి ఒక ఉడుకు రానిచ్చి, పుల్లమజ్జిగలో రాత్రంతా ఉంచి, గలగలలాడేదాకా ఎండబెట్టాలి. ఇక్కడ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకానే ఆ పని. జూలై మబ్బుల్లో పెడితే బూజే.

ముదిరిపోయిన కాయల్ని పారేయకండి. మొక్క మీదే ఎండనిస్తే లోపలి గింజలు రాజ్మాలా వండుకోవచ్చు. రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కుక్కర్‌లో బాగా ఉడికించాలి, సగం ఉడికినవి కడుపు పాడుచేస్తాయి. గుప్పెడు విత్తనానికి తీసిపెట్టుకోండి.