మకాం ఊరికి మార్చే ముందు

ప్రశ్న: ఉద్యోగం మానేసి చీపురుపల్లి దగ్గర మా ఊరు వెళ్లిపోదామనుకుంటున్నాం. పెరట్లో నుయ్యి చాలా ఏళ్లుగా వాడకం లేక మూసి ఉంది. బ్లీచింగ్ వేసి వాడేసుకోండి అంటున్నారు. ఎంత వెయ్యాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: బ్లీచింగ్ ఆఖరి పనండీ. ముందు పూడిక తీయించాలి. ఏప్రిల్ చివర, మే నెలలో నీరు అడుగంటినప్పుడైతే పని తొందరగా తెములుతుంది. వానలు పడ్డాక తోడిన కొద్దీ ఊరుతూనే ఉంటుంది, కూలి డబ్బులు దండగ.

మనిషిని దించే దగ్గర మాత్రం తొందర పనికిరాదు. మూసి ఉన్న నూతి అడుగున ఆకు అలం కుళ్లి ప్రాణవాయువు తగ్గిపోతుంది, విషవాయువులు చేరతాయి. మూత తీసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. బ్లోయర్ దొరికితే గొట్టంతో అడుగుదాకా గాలి పంపించండి. లాంతరు దించి చూడటం మన ఊళ్లలో ఉన్నదే. అది ఆరిపోతే దిగకూడదని తెలుస్తుంది, ఆరకపోతే దిగొచ్చని మాత్రం కాదు. దిగే మనిషి ఛాతీకి మోకు కట్టి, దాని కొస పట్టుకుని పైన ఇద్దరు ఉండాలి. లోపలివాడు సొమ్మసిల్లితే మోకుతో లాగడమే, ఇంకొకరు దిగితే ఇద్దరూ పోతారు. డీజిల్ ఇంజనును నూతిలోకి దించనివ్వకండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపేస్తుంది. మనిషి నీళ్లలో ఉండగా కరెంటు మోటారు ఆన్ చేయకూడదు.

పూడిక తీశాక నూతి గోడ పైభాగంలో, వీలైతే ఇరవై అడుగుల లోతు దాకా, సందులన్నీ సిమెంటుతో పూడ్పించండి. మురుగునీరు దిగేది ఆ సందుల్లోంచే. గట్టు రెండున్నర అడుగుల ఎత్తు, చుట్టూ మూడడుగుల చప్టా బయటికి వాలుగా ఉండాలి. మరుగుదొడ్డి గుంత గానీ పెంటకుప్ప గానీ యాభై అడుగుల లోపు ఉంటే ఆ నీళ్లు మొక్కలకే వాడండి.

ఇక బ్లీచింగ్. ముందు రెండుసార్లు నీళ్లన్నీ తోడి పారబోసి, మళ్లీ ఊరనిచ్చాక లెక్క వెయ్యాలి. నూతి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి దానితోనే హెచ్చవేసి, నీటి లోతుతోనూ ఆపైన 785తోనూ హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. వ్యాసం 2 మీటర్లు, నీళ్లు 3 మీటర్లు ఉంటే 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 24 గ్రాముల పౌడర్ చాలు. దాన్ని బకెట్లో ముద్దగా కలిపి, ముప్పాతిక వంతు నీళ్లు పోసి కలియబెట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన తేరిన నీటినే ఇంకో బకెట్లోకి వంచుకుని, చేంతాడుతో నీటిలోకి దించి పైకీ కిందికీ పక్కలకీ ఆడించండి. అడుగున మిగిలిన సున్నం మడ్డి పారెయ్యాలి, అది నూతిలో పడితే నీళ్లు ఉప్పదేరినట్టై పప్పు ఉడకదు. రాత్రి వేసి పొద్దున వాడుకోవడం మేలు. వేసిన గంట తర్వాత పరీక్ష కిట్‌లో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ కనిపించాలి. కనిపించలేదంటే నూతిలో ఇంకా మురికి ఉంది, లేదా పౌడర్ పాతబడింది. మూతి విప్పి ఉంచిన బస్తాలో బలం చచ్చిపోతుంది.

బ్లీచింగ్ క్రిములను చంపుతుందే తప్ప ఫ్లోరైడ్‌ను, నైట్రేట్‌ను తీయలేదు. అందుకే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించండి. లీటరుకు ఫ్లోరైడ్ 1.5, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు.

ప్రశ్న: రాజాం దగ్గర మాది మంగళూరు పెంకుల ఇల్లు, కారుతోంది. మేస్త్రి పెంకులు తీసేసి రేకులు వేసుకోమంటున్నాడు. ఏది నయం?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కర్ర గట్టిగా ఉంటే పెంకులే ఉంచుకోండి. వాసాలు గోడ మీద ఆనిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెదో పుచ్చో పట్టినట్టే, ఆ వాసం మార్చాలి. చాలాసార్లు కారేది పెంకు పగిలి కాదు. కింది బద్దె కుంగి పెంకుల మధ్య ఎడం వస్తుంది, లేదా గాడిలో ఆకులు చేరి నీరు వెనక్కి తంతుంది. విడదీసి కడిగి మళ్లీ పేర్పిస్తే సగం బాధ తీరిపోతుంది. వంద చదరపు అడుగులకు సుమారు నూట నలభై, నూట యాభై పెంకులు పడతాయి. పదో వంతు అదనంగా ఉంచుకోండి, మన వైపు కోతులు ఎలాగూ బతకనివ్వవు. కొత్తవి కొనేటప్పుడు పాత పెంకు ఒకటి చేత్తో పట్టుకెళ్లండి, కంపెనీ మారితే గాడి కుదరదు.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న వచ్చాయి. కాబట్టి సెప్టెంబరు దాటకుండా కప్పు పని ముగించండి. గాలికి ముందు లేచేవి చూరు వరస, కొప్పు పెంకులే. చూరు వరసలను జీఐ తీగతో బద్దెకు కట్టించి, కొప్పును సిమెంటుతో బిగించండి. రేకులే వేసేట్టయితే అంచుల్లో జే బోల్టులు (రేకును కింది కర్రకు బిగించే కొక్కేలు) మధ్యలో కన్నా దగ్గర దగ్గరగా పడాలి. ఊడిన రేకు గాలిలో కత్తే.

ప్రశ్న: ఇల్లు తాతగారి పేరున ఉంది. నాయనమ్మ, నాన్నగారు లేరు. మేనత్తలిద్దరూ "మాకెందుకురా, నువ్వే ఉండు" అంటున్నారు. అది చాలదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: చాలదు. తాతగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మేనత్తలకు చెరో వాటా, మీ నాన్నగారి శాఖకు ఒకటి (ఆయనకు వేరే తోబుట్టువులు లేరనుకుంటే). ఆ ఒక్క వాటాలోనూ మీతోపాటు మీ అమ్మగారు, తోబుట్టువులు ఉంటారు. అత్తల చేత హక్కు విడుదల దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి. నోటరీ కాగితంతో హక్కు మారదు. గ్రామకంఠంలోని (ఊరి నివాస స్థలంలోని) ఇల్లు 1-బి అనే భూహక్కుల పట్టికలో కనిపించదు కాబట్టి పాత ఇంటిపన్ను రశీదులు పోగుచేసుకోండి. కప్పు కారుతున్నప్పుడే ఈ పని అడగడం తెలివి. ఇల్లు బాగుపడ్డాక అత్తల మాట మారకపోయినా వాళ్ల పిల్లల మాట మారొచ్చు.

ప్రశ్న: కవిటి దగ్గర కొబ్బరితోట కొని అక్కడే ఉందామంటే కిడ్నీ జబ్బు భయంతో ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలోని ఈ కిడ్నీ జబ్బుకు ఇదీ కారణమని ఇంతవరకు తేలలేదు, నీళ్లొక్కటే అని కూడా రుజువు కాలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీరు తెచ్చే పథకాన్ని, పలాసలో కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. కొనబోయే తోట ఉన్న వీధికి ఆ కుళాయి నీరు నిజంగా వస్తోందా, ఎన్ని రోజులకోసారి వస్తోందో అన్నది పక్కింటివాళ్లను అడిగి తెలుసుకోండి. అక్కడికి వెళ్లే ముందొకసారి, ఆ తర్వాత ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. ఈ జబ్బు ముదిరేదాకా నొప్పి చూపదు. ఒళ్లు నొప్పులకు దుకాణంలో అడిగి బిళ్లలు మింగే అలవాటు ఉంటే మానెయ్యండి, నొప్పి మాత్రల్లో చాలా రకాలు కిడ్నీకి చేటు.