టోఫు పొరటులా అవుతోందా?

ప్రశ్న: చైనా పద్ధతిలో టోఫు, కూరగాయలు కలిపి వేయిస్తే టోఫు మూకుడుకు అంటుకుని కోడిగుడ్డు పొరటులా తయారవుతోంది. కూరగాయలేమో నీరు వదిలి ఉడికిపోతున్నాయి. హోటల్ రుచి రావాలంటే ఇంకా ఏ సాసు వేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ సీసాలన్నీ అలమరలో పెట్టేయండి. మీ రెండు ఇబ్బందులకూ మూలం నీళ్లే.

సోయా పాలను జిప్సం లాంటి లవణంతో విరిచి, బరువు పెట్టి అణిస్తే టోఫు అవుతుంది. ఎంత అణిచినా లోపల బోలెడు నీరు మిగులుతుంది. ప్యాకెట్ మీద ‘ఫర్మ్’ అని ఉన్నదే కొనండి. ‘సిల్కెన్’ రకం వేపుడుకు పనికిరాదు. అలాంటి మెత్తని టోఫును చైనాలోని చెంగ్డూ నగరం వాళ్లు చేసే మాపో టోఫు అనే కూరలో సాసులోనే మెల్లగా ఉడికిస్తారు.

200 గ్రాముల దిమ్మను వేలి మందాన ముక్కలు కోసి, ఉప్పు వేసిన మరిగే నీళ్లు పోసి పావుగంట వదిలేయండి. నీరు పోగొట్టడానికి నీళ్లలో వేయడమేమిటని మా తోడికోడలు ఇప్పటికీ నవ్వుతుంది. విరిగేవి మాత్రం ఆవిడ ముక్కలే! వేడికి మాంసకృత్తులు బిగుసుకుని లోపలి నీటిని బయటికి నెడతాయి. తీసి పొడి బట్ట మీద ఆరబెట్టి, పైన చెంచాడు కార్న్‌ఫ్లోర్ చల్లండి.

ఇనుప మూకుడు సన్నగా పొగ వచ్చేదాకా కాగాక నూనె పోసి, ముక్కలను ఎడంగా పేర్చండి. ఇక చేయి కట్టుకుని నిలబడటమే మీ పని. అడుగు ఎర్రబడి గట్టిపడితే ముక్క తనంతట తానే మూకుడును వదులుతుంది. అట్లకాడతో కెలికారా, మళ్లీ పొరటే. రెండు వైపులా వేగాక తీసి పక్కన పెట్టండి.

కూరగాయలు ముందే కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. క్యాబేజీ మడతల్లో దాగిన నీరు చాలు, మూకుడు చల్లబడటానికి. చైనా హోటళ్ల పొయ్యి మంట మన గ్యాసు మంటకు ఎన్నో రెట్లు ఎక్కువ. మనకు అది లేదు కాబట్టి ఒక విడతకు ఇద్దరికి సరిపడానే వేయించండి; నలుగురుంటే రెండు విడతలు. అల్లం, వెల్లుల్లి తరుగు చిటపటలాడగానే క్యారెట్, బీన్స్. తర్వాత క్యాప్సికం, క్యాబేజీ. మంట తగ్గించకండి, మూత అసలే పెట్టకండి.

సాసు ముందే కలిపి ఉంచుకోండి: సోయా సాస్ పెద్ద చెంచాడు, వెనిగర్, కార్న్‌ఫ్లోర్ చిన్న చెంచాడు చొప్పున, చిటికెడు చక్కెర, మిరియాల పొడి, నాలుగు పెద్ద చెంచాల నీళ్లు. పిండి అడుగున పేరుకుంటుంది, పోసే ముందు మళ్లీ కలపండి. టోఫును కూరగాయల్లో వేసి సాసు పోయండి; అన్నీ కలిసి చిక్కబడి మెరవగానే ఉల్లికాడలు వేసి దించేయండి. చైనా వాళ్లు చివర చుక్కలుగా వేసే నూనె వేయించిన నువ్వులది. మన పప్పునూనెకు ఆ వాసన రాదు. బదులుగా దోరగా వేయించిన నువ్వులు చల్లుకోండి, బాగుంటుంది. టమాటా సాసు మాత్రం దయచేసి వద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి రక్తపోటు ఉంది. ఉప్పు మానేసి సోయా సాస్ వేయవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మామూలు సోయా సాస్ పెద్ద చెంచాడులోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది బాబూ. పెద్దలకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నాన్నగారి పళ్లేనికి సోయా సాస్ అర చిన్న చెంచా దాటనివ్వకండి. ఆ లోటును అల్లం, మిరియాలు, వెనిగర్ పూడుస్తాయి. ‘తక్కువ ఉప్పు’ సీసాలను నమ్మి ధారాళంగా పోయకండి. కొన్నింటిలో ఉప్పుకు బదులు పొటాషియం లవణం వాడతారు, మూత్రపిండాల సమస్య ఉంటే డాక్టరును అడగాల్సిందే. ఆయనకు చేసేటప్పుడు టోఫును నానబెట్టే నీళ్లలోనూ ఉప్పు వేయకండి, ఉత్త వేడినీళ్లు చాలు.