‘రమ్మన్నారు’ అంటే మర్యాద తగ్గుతుందా?

సందేహం: మా ఆఫీసరుగారు ఒక రిటైరైన పెద్దాయన గురించి ‘లైఫ్ సర్టిఫికెట్ తీసుకుని సోమవారం రమ్మను’ అన్నారు. నేను ఫోన్ చేసి ‘మిమ్మల్ని సోమవారం రమ్మన్నారండీ’ అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. ఉన్నమాటే చెప్పాను కదా, తప్పెక్కడ? వినేవారిని బట్టి మాట మార్చి చెప్పవచ్చా?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణదోషం లేదు. ‘మిమ్మల్ని’, ‘అండీ’ అని మర్యాద కూడా చేర్చారు. చిక్కంతా ‘రమ్మను’ దగ్గరే ఉంది. ఇది రమ్ము + అను. ‘రమ్ము’ ఏకవచనం, ఇవాళ మనం ‘రా’ అంటున్నదే. పొమ్మను, తెమ్మను, ఇమ్మను కూడా ఇలా పుట్టినవే. ఆఫీసరు ‘రా’ అన్నా, ‘దయచేసి రండి’ అన్నా, కబురు చేరవేసేటప్పుడు రెండూ ‘రమ్మన్నారు’లో కలిసిపోతాయి. ‘అన్నారు’లోని బహువచనం ఆ మాట చెప్పినవారికి దక్కే గౌరవం. రావలసిన మనిషికి అందులో వాటా లేదు. ‘నాన్నా, అమ్మ అన్నానికి రమ్మంటోంది’ అంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఆఫీసు నుంచి, అదీ వయసులో పెద్దవారికి వెళ్తే, అదే మాట హుకుంలా వినిపిస్తుంది.

పోనీ, ‘సోమవారం రాగలరేమో అడగమన్నారు’ అందామా? వినడానికి బాగుంటుంది. కానీ సోమవారమే గడువైతే అది ఆయనకు అన్యాయం చేయడమే. వీలైనప్పుడు వెళ్దాంలే అనుకుంటారు, పెన్షన్ ఆగిపోతుంది. ఆఫీసరు చెప్పిన విషయాన్ని అలాగే ఉంచి, మర్యాదను మీ నోటితో చేర్చండి: ‘లైఫ్ సర్టిఫికెట్ సోమవారమే ఇవ్వాలన్నారు. దయచేసి రండి.’ ‘ఇవ్వాలి’కి నువ్వు, మీరు అనే తేడా లేదు కాబట్టి ఎవరికైనా నప్పుతుంది.

తిరుగు కబురులోనూ జాగ్రత్త కావాలి. పెద్దాయన ‘సోమవారం రాను’ అంటే, ఆఫీసరుతో ‘ఆయన రానన్నారు’ అనాలి. తెలుగులో ఆ క్రియ ఆయన నోట వచ్చినట్టే, ‘రాను’గానే నిలుస్తుంది. ‘రారన్నారు’ అంటే ఇంకెవరో రారని ఆయన చెప్పినట్టవుతుంది. ఉత్త ‘రానన్నారు’ మొండిగా తోస్తే, ఆయన చెప్పిన కారణం ముందు పెట్టండి: ‘కంటి ఆపరేషన్ ఉందట, సోమవారం రానన్నారు.’ ఇక్కడ ‘అట’ న్యాయమైనదే. ఆపరేషన్ సంగతి మీకు ఆయన చెబితేనే తెలిసింది.

మీరు స్వయంగా విన్న ఆఫీసరు మాటకు మాత్రం ‘అట’ తగిలించకండి. ‘రమ్మన్నారట’ అంటే మీరు వినలేదని, మరెవరో చెప్పారని అర్థం. మాట తమ మీదికి రాకుండా చాలామంది ఇలా అనేస్తున్నారు. ‘ఎవరు చెప్పారు బాబూ?’ అని పెద్దాయన అడిగితే, ‘మా ఆఫీసరుగారే నాతో అన్నారండీ’ అనండి.