రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) పట్టిన ఫైళ్లు డబ్బు కట్టకుండా తిరిగొస్తాయా? మళ్లీ పట్టకుండా ఏ యాంటీవైరస్ మంచిది?

కొన్ని వస్తాయి. ఏవి వస్తాయన్నది మాత్రం మన చేతిలో ఉండదు. ఇక రెండో ప్రశ్న అడగాల్సిన ప్రశ్నే కాదు. నా దగ్గర యాంటీవైరస్ ఉంది. పాపం, అది అరిచింది కూడా. దాని నోరు నొక్కింది నేనే.

నాలుగేళ్ల కిందటి మాట. నాన్న రిటైర్మెంట్ ఫంక్షన్ వీడియో తెల్లారేసరికి ఎడిట్ చేసి అందరికీ పంపాలి. సాఫ్ట్‌వేర్ ట్రయల్ గడువు చూస్తే అయిపోయింది. రాత్రి పదకొండింటికి క్రాక్ కోసం, అంటే డబ్బు కట్టకుండా దాన్ని నడిపించే దొంగ ఫైలు కోసం, వెతికాను. దొరికింది. జిప్ ఫైలు, దానికో పాస్‌వర్డ్, లోపల 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని ఒక సూచన. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టేదే యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా అని అప్పుడు తెలియదు. దొంగ ఫోన్ చేసి కుక్కని కట్టెయ్యమంటే బుద్ధిగా కట్టేశాను.

డబుల్ క్లిక్ చేస్తే ఏమీ తెరుచుకోలేదు. కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతోందంటూ చిన్న విండో వచ్చింది. 'ఇప్పుడే దొరికిందా దీనికి టైము' అని విసుక్కుని మంచినీళ్లకి లేచాను. తిరిగొచ్చేసరికి ఫొటోల ఐకాన్లు ఒక్కొక్కటే తెల్ల కాగితాల్లా మారిపోతున్నాయి. ప్రతి ఫైలు పేరు చివరా నాలుగక్షరాల కొత్త తోక. ప్రతి ఫోల్డర్‌లో ఒక రీడ్‌మీ: 980 డాలర్లు కట్టు, 72 గంటల్లోపు కడితే 490 చాలు. డిస్కౌంట్ కూడానట!

అప్పుడు గుర్తొచ్చింది, బ్యాకప్ హార్డ్ డిస్క్ సీపీయూ వెనకాలే తగిలించి ఉందని. చూస్తే దాని లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటోంది. కేబుల్ లాగి పారేశాను. అప్పటికే సగం పైగా పోయింది. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్క్ బ్యాకప్ కాదండీ. దొంగకి ఇంకో గది చూపించడమే అది.

నాకు పట్టినదాని పేరు స్టాప్ డీజేవీయూ. క్రాకుల వెంట తిరిగేది ఎక్కువగా ఇదే. రీడ్‌మీ అడుగున పర్సనల్ ఐడీ అని ఒక పొడవాటి వరస ఉంటుంది. దాని చివర టీ1 అని ఉంటే అదృష్టం. వైరస్‌కి తన సర్వర్ అందక, తనతో తెచ్చుకున్న కీతోనే (తాళంచెవి లాంటి కోడ్) ఫైళ్లు మూసేసిందని అర్థం. ఆ కీ ఆ రకం బాధితులందరికీ ఒకటే కాబట్టి, అది బయటపడ్డాక ఎమ్సిసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్ల ఉచిత టూల్‌తో ఫైళ్లు తెరుచుకుంటాయి. టీ1 లేకపోతే మీ కంప్యూటర్‌కంటూ వేరే కీ ఉంటుంది, అది దొంగ దగ్గరే ఉంటుంది. నా ఐడీ చివర ఆ రెండూ లేవు. కళ్లు నులుముకుని మళ్లీ మళ్లీ చూశాను, లేవు.

అయినా నాన్న వీడియో దక్కింది. ఈ రకం తొందరలో ప్రతి ఫైలులోనూ మొదటి 150 కేబీ వరకే పాడుచేస్తుంది. వీడియోకి అదొక లెక్కే కాదు. అదే ఫోన్‌తో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇచ్చి రిపేర్ టూల్‌లో వేస్తే, మొదట్లో ఓ క్షణం తప్ప మిగతాదంతా వచ్చింది. వర్డ్ ఫైళ్లు మాత్రం ఉండేదే యాభై అరవై కేబీ, మొత్తం పోయాయి. విండోస్ దాచుకునే పాత కాపీలు చూద్దామంటే వాటినీ ముందే చెరిపేసి పెట్టింది. ఫొటోలు చుట్టాలకి వాట్సాప్‌లో పంపినవి వెనక్కి అడుక్కున్నాను, అలుక్కుపోయినట్టున్నా ఉన్నాయి కదా అని.

వైరస్ కన్నా నాకు ఒళ్లుమండించింది ఆ తర్వాత తగిలిన 'గ్యారంటీ రికవరీ' బాపతు. కొందరు చేసేదల్లా దొంగతో బేరమాడి, పైన తమ లాభం వేసుకుని మనకి బిల్లు వెయ్యడం. తాళం తీస్తామనే ఉత్తుత్తి డిక్రిప్టర్లు మరీ ఘోరం. 2020లో ఈ స్టాప్ రకానికే విరుగుడునంటూ జొరాబ్ అనే ఇంకో రాన్సమ్‌వేర్ తిరిగింది. నమ్మి నడిపినవాళ్లకి ఉన్న తాళం మీద మరో తాళం పడింది. డబ్బు కడితే పనైపోతుందనుకుంటే, 2017 మేలో వచ్చిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్‌ని గుర్తుచేసుకోండి. అందరికీ అవే మూడు బిట్‌కాయిన్ ఖాతాలు ఇచ్చారు, ఎవరు కట్టారో ఆ దొంగలకే తెలిసే దారి లేదు. దాన్ని ఆపే విండోస్ అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో వచ్చి కూర్చుంది. 'తర్వాత గుర్తుచెయ్యి' నొక్కినవాళ్లెందరో!

మీరిప్పుడు చెయ్యాల్సింది వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చడం. స్టాప్ వెంట పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములు కూడా వస్తుంటాయి. ఆ తర్వాతే ఫార్మాట్ సంగతి. ఫార్మాట్‌కి ముందు మూసుకుపోయిన ఫైళ్లని, ఆ రీడ్‌మీతో సహా, వేరే డిస్క్‌లో దాచండి. 2016లో టెస్లాక్రిప్ట్ అనే ఇంకో రాన్సమ్‌వేర్ ముఠా దుకాణం కట్టేస్తూ మాస్టర్ కీ తామే బయటపెట్టింది, కాబట్టి ఆశ చావక్కర్లేదు. యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, ఇతరులు కలిసి నడిపే నో మోర్ రాన్సమ్ సైట్‌లో అప్పుడప్పుడూ చూస్తుండండి. డిస్కులు రెండు కొనుక్కుని ఒకటి తీశాకే ఇంకోటి తగిలించండి. విండోస్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ (తెలియని ప్రోగ్రాములు మీ ఫోల్డర్లు మార్చకుండా ఆపేది) ఆన్ చెయ్యండి, కొంచెం విసిగిస్తుంది, భరించండి.

నా పాత డిస్క్ ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆర్నెల్లకోసారి తీసి ఆ ఎమ్సిసాఫ్ట్ టూల్ నడుపుతాను. ఆన్‌లైన్ ఐడీ (అంటే కీ దొంగ దగ్గరే ఉన్న రకం), కీ లేదు అని అదే మాట చెబుతుంది. మళ్లీ బీరువాలో పెట్టేస్తాను. ఇంతకీ మీ రీడ్‌మీలో ఐడీ చివర ఏముందో చూశారా?